క్షమ ముందు, పశ్చాత్తాపం తర్వాత: బైబిలు కథాక్రమం నవలల్లో ఏమైంది

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథలో చాలామంది గమనించకుండా దాటిపోయే చిన్న విషయం ఒకటి ఉంది. ఆస్తిలో తన వాటా పట్టుకుని దూరదేశం వెళ్లి, అంతా పాడుచేసుకుని, చివరికి పందులు తినే పొట్టుకు కూడా ఆశపడే స్థితికి చేరిన ఆ కొడుకు, ఇంటికి బయలుదేరే ముందు తండ్రితో ఏమనాలో మనసులో సిద్ధం చేసుకుంటాడు. నేను పాపం చేశాను, నీ కుమారుడినని అనిపించుకోవడానికి ఇక యోగ్యుణ్ని కాను, నన్ను నీ కూలివారిలో ఒకడిగా పెట్టుకో అన్నవి ఆ మాటలు. తీరా తండ్రి ఎదుట నిలబడ్డాక మొదటి రెండే అతని నోట వస్తాయి. కూలివాడిగా పెట్టుకోమనే మూడో మాట చెప్పకముందే తండ్రి పనివాళ్లను పిలిచి మంచి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటాడు. అంతకుముందే, కొడుకు ఇంకా దూరంగా ఉండగానే, ఒక్క మాటైనా వినకుండా పరుగెత్తుకెళ్లి అతని మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు.

పతనం, విమోచన అనే కథాక్రమం ఆధునిక నవలలో ఎలా పనిచేస్తుందో ఆలోచించినప్పుడల్లా నేను ఆ చెప్పని మూడో మాట దగ్గరికే వస్తాను. కథారచన గురించి మాట్లాడేవాళ్లు ఈ క్రమాన్ని సాధారణంగా ఒకే విధంగా వివరిస్తారు: మనిషి పడిపోతాడు, బాధపడతాడు, బాధ తగినంత అయ్యాక మారతాడు, మారినందుకు క్షమ పొందుతాడు. ఇది జమాఖర్చుల లెక్క. బైబిలులోని గొప్ప కథలు ఈ లెక్క ప్రకారం నడవవు. వాటిలో కనికరం ముందు వస్తుంది, మార్పు దాని వెనక, ఒక్కోసారి చాలా ఆలస్యంగా వస్తుంది. బైబిలంతా ఇలాగే ఉందని నేను అనడం లేదు. యోనా గ్రంథంలో నీనెవె ప్రజలు ముందు పశ్చాత్తాపంతో గోనెపట్ట కట్టుకుంటారు, ఆ తర్వాతే వారిమీదికి రావలసిన కీడు ఆగిపోతుంది. కానీ నవలాకారుల్ని పదేపదే తనవైపు లాక్కున్న కథల్లో మాత్రం క్రమం తలకిందులుగానే ఉంది.

మొట్టమొదటి కథనే చూడండి. ఆదికాండము 3వ అధ్యాయంలో ఆదాము, హవ్వ తోటలో చెట్ల మధ్య దాక్కున్నప్పుడు వారికి వినిపించిన మొదటి మాట శాపం కాదు, "నీవు ఎక్కడ ఉన్నావు" అనే ప్రశ్న. శిక్ష చెప్పిన తర్వాత, తోటలోనుంచి పంపివేయడానికి ముందు, దేవుడు వారికి చర్మపు చొక్కాయిలు తొడిగించాడని ఒక చిన్న వాక్యం వస్తుంది. వాళ్లు క్షమాపణ అడగలేదు. ఆదాము నేరాన్ని భార్యమీదికి, ఆమె సర్పంమీదికి నెట్టారంతే. అయినా బట్టలు దొరికాయి, అలాగని బహిష్కరణ తప్పలేదు. మరుసటి అధ్యాయంలో కయీను తమ్ముణ్ని చంపి, "నా తమ్మునికి నేను కావలివాడనా" అని ఎదురు ప్రశ్నిస్తాడు. అతని ఒంటిమీద వేసిన గుర్తును మనం తరచుగా నేరస్థుడి ముద్రగా చెప్పుకుంటాం గాని, మూలంలో ఆ గుర్తు ఉన్నది ఎవరూ అతన్ని చంపకుండా కాపాడటానికి. ఇక్కడా అంతే: రక్షణ దొరికింది, దేశదిమ్మరి బతుకు తప్పలేదు. కనికరం ముందుగా రావడం, ఫలితం చెరిగిపోకపోవడం అనే ఈ రెండూ కలిసి ఉన్నచోటే ఈ కథలకు బలం వస్తుందని నా అభిప్రాయం. రెండింటిలో ఏది జారిపోయినా కథ పలచబడుతుంది.

విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన 'లే మిజరాబ్లే' ఈ క్రమాన్ని ఎంత సూక్ష్మంగా పట్టుకుందో చూస్తే నాకిప్పటికీ ఆశ్చర్యమే. రొట్టె దొంగిలించిన నేరానికి మొదలై, పారిపోవడానికి చేసిన ప్రయత్నాల వల్ల పెరిగి, మొత్తం 19 ఏళ్ల కఠినశిక్ష అనుభవించి వచ్చిన జీన్ వాల్జీన్, తనకు ఆశ్రయమిచ్చిన బిషప్ ఇంట్లోనే వెండి సామాను దొంగిలిస్తాడు. పోలీసులు పట్టుకుని తెచ్చినప్పుడు బిషప్ అవి తానే ఇచ్చానని చెప్పి, మర్చిపోయి వదిలేశావంటూ రెండు వెండి కొవ్వొత్తి స్తంభాలు కూడా చేతిలో పెడతాడు. ఇది అందరికీ గుర్తుండే దృశ్యం. దాని తర్వాతి రెండు వివరాలు అంతగా గుర్తుండవు, నా దృష్టిలో అసలు సంగతి వాటిలోనే ఉంది. మొదటిది, ఈ డబ్బుతో నిజాయితీపరుడివవుతానని నాకు మాటిచ్చావు, మర్చిపోవద్దు అని బిషప్ అంటాడు. వాల్జీన్ అలాంటి మాట ఇచ్చిన గుర్తే అతనికి లేదు, ఎందుకంటే అతను ఇవ్వలేదు. చేయని ప్రమాణాన్ని చేసినట్టుగా అతని పేర జమ కట్టిన మనిషి ఆ బిషప్. రెండోది, అంత కరుణ పొందిన తర్వాత కూడా వాల్జీన్ మారడు. ఊరి బయట పొలాల్లో చిన్న జెర్వే అనే కుర్రవాడి నలభై సూల నాణెం దొర్లి వస్తే దానిమీద కాలు వేసి తొక్కిపెట్టి, వాణ్ని ఏడిపించి తరిమేస్తాడు. ఆ తర్వాతే, ఆ పిల్లవాణ్ని కేకలేసి పిలుస్తూ వెతికి, ఎక్కడా దొరక్క, కూలబడి, 19 ఏళ్లలో మొదటిసారి ఏడుస్తాడు.

తక్కువ స్థాయి రచయిత ఎవరైనా బిషప్ ఇంటి గుమ్మం దగ్గరే ఆ కన్నీళ్లు తెప్పించేవాడు. అప్పుడు క్షమకు వెంటనే ఫలితం కనిపించి, పాఠకుడికి తృప్తి కలిగేది. హ్యూగో క్షమకు, మార్పుకు మధ్య ఇంకో దొంగతనాన్ని పెట్టాడు. క్షమ పొందిన మనిషి చేసిన దొంగతనం కాబట్టి అది మొదటిదానికంటే నీచమైనది, కాబట్టే వాల్జీన్ తనను తాను చూసుకోగలిగాడు. అలాగే ఇదే నవలలో జవేర్‌ను నేను లూకా కథలోని పెద్దకొడుకుగా, అంటే తిరిగొచ్చిన తమ్ముడికి విందు చేశారని కోపగించి బయటే నిలబడిపోయినవాడిగా చదువుకుంటాను. ఎన్నడూ ఆజ్ఞ మీరని ఆ పోలీసు అధికారికి, తాను వెంటాడిన నేరస్థుడే తన ప్రాణం కాపాడి వదిలేయడం భరించరాని విషయమవుతుంది. పెద్దకొడుకు విందుకు లోపలికి వెళ్లాడో లేదో లూకా చెప్పడు. జవేర్ వెళ్లలేకపోయాడు, సీన్ నదిలో దూకాడు.

దావీదు కథ దగ్గరికి వస్తే కొత్త ప్రశ్న లేస్తుంది. రాజు బత్షెబను తెప్పించుకుని, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందువరుసలో నిలబెట్టి చంపించిన తర్వాత, నాతాను ప్రవక్త వచ్చి ఒక ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ చెబుతాడు. రాజుకు కోపం వచ్చి, అలా చేసినవాడు మరణపాత్రుడని తీర్పు ఇస్తాడు. "ఆ మనుష్యుడవు నీవే" అంటాడు నాతాను. తీర్పు చెప్పే ఆసనంలో కూర్చున్నవాడే ముద్దాయి అని తేలడం కథనకళలో ఎంత పదునైన ఉపాయమో, టాల్‌స్టాయ్ 1899 నాటి 'పునరుత్థానం' నవల మొదలు దానిమీదే నిలబడి ఉండటం చూస్తే తెలుస్తుంది. నెఖ్లూదొవ్ అనే ప్రభువంశీయుడు జ్యూరీ సభ్యుడిగా కోర్టుకు వెళ్లి, హత్యానేరం మోపబడిన మాస్లొవాను చూసి, ఒకప్పుడు తన అత్తల ఇంట్లో తాను చెరిచి, చేతిలో డబ్బు కుక్కి వదిలేసిన కత్యూషా ఆమేనని గుర్తుపడతాడు. హత్య చేసే ఉద్దేశం ఆమెకు లేదని జ్యూరీ అంతా నమ్ముతుంది, కానీ ఆ ముక్క జవాబులో రాయడం మరిచిపోతుంది. ఆ పొరపాటువల్ల ఆమెకు నాలుగేళ్ల సైబీరియా కఠినశిక్ష పడుతుంది. ఆ పొరపాటు చేసిన పన్నెండు మందిలో నెఖ్లూదొవ్ కూడా ఒకడు.

ఇక్కడ టాల్‌స్టాయ్ పాత కథలో లేని పని ఒకటి చేశాడు. సమూయేలు రెండవ గ్రంథంలో ఊరియా చచ్చిపోయాడు, బత్షెబ చేత ఆ కథలో గర్భవతినైతినన్న కబురు తప్ప ఇంకేమీ చెప్పించలేదు. నాతాను వచ్చి వెళ్లిన సందర్భానికి చెందినదని శీర్షికలో చెప్పిన 51వ కీర్తనలో దావీదు దేవునితో "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అంటాడు. ఎన్నిసార్లు చదివినా నన్ను ఆపేసే వాక్యమిది. పాపమంతా చివరికి దేవునికి విరోధంగానే జరుగుతుందన్న అర్థంలో దాన్ని సమర్థించేవాళ్ల మాట నాకు తెలుసు, దాన్ని గౌరవిస్తాను కూడా. అయినా ఊరియా మాటేమిటి అన్న ప్రశ్న నన్ను వదలదు. టాల్‌స్టాయ్ ఆ ప్రశ్నను మాస్లొవా నోట పలికించాడు. పెళ్లి చేసుకుని పాపం కడుక్కుంటానని నెఖ్లూదొవ్ జైలుకు వచ్చినప్పుడు ఆమె మండిపడుతుంది. ఈ లోకంలో నన్ను వాడుకుని సుఖపడ్డావు, పరలోకంలో కూడా నన్ను వాడుకునే రక్షణ పొందాలని చూస్తున్నావా అన్నది ఆమె మాటల సారం. తప్పు చేసినవాడి విమోచన కథలో బాధితురాలు ఒక పనిముట్టు కావడానికి ఒప్పుకోకపోవడం అనే ఈ మలుపు, నా లెక్కలో ఆధునిక నవల బైబిలు కథకు చేర్చిన అతి ముఖ్యమైన అంశం. ఆమె అతన్ని చివరికి క్షమిస్తుంది, కానీ పెళ్లికి ఒప్పుకోదు. సైమన్సన్ అనే రాజకీయ ఖైదీతో తన బతుకును కలుపుకుంటుంది. నెఖ్లూదొవ్ కోరుకున్న త్యాగం చేసే అవకాశం అతనికి దక్కదు. అతనికి ఆమె చేసిన మేలు అదేనేమో అనిపిస్తుంది నాకు.

దోస్తొయెవ్‌స్కీ 1866 నాటి 'నేరము-శిక్ష' విషయంలో చాలామంది విమర్శకులతో నాకు పేచీ ఉంది. ఆ నవల చివరనున్న ఉపసంహారం అతికించినట్టుందని, ఇద్దరిని హత్య చేసిన కథానాయకుడు రస్కొల్నికొవ్ హఠాత్తుగా మారిపోయాడని వారి ఫిర్యాదు. ఆ పుటల్ని నెమ్మదిగా చదివితే అక్కడ మార్పు ఎంత తక్కువగా జరిగిందో కనిపిస్తుంది. అతను నేరం ఒప్పుకున్నాడు, ఎనిమిదేళ్ల శిక్ష పడింది, సైబీరియాకు వెళ్లాడు, అయినా పశ్చాత్తాపం లేదు. తన పథకం తప్పిందని సిగ్గుపడతాడే తప్ప చేసింది పాపమనుకోడు. ఒప్పుకోలు వేరు, పశ్చాత్తాపం వేరు అన్న సంగతిని ఇంత నిర్దయగా చెప్పిన నవల ఇంకోటి నేను చదవలేదు. నదీతీరాన, తనను ప్రేమించి సైబీరియా దాకా వెంట వచ్చిన సోన్యా పాదాలమీద అతను పడిపోయే క్షణానికి ముందు అతనిలో దాన్ని సంపాదించిపెట్టే గుణమేదీ కనిపించదు. విమర్శకులు లోపమన్నది అదే, కథ నిలబడింది కూడా దానిమీదే. సోన్యా అతనికి చదివి వినిపించినది లాజరు కథ, సమాధిలో నాలుగు రోజులు ఉన్నాక యేసు బతికించి లేపినవాడి కథ. ఆ "నాలుగు" అన్న మాటను ఆమె నొక్కి పలుకుతుందని రచయిత ప్రత్యేకంగా చెబుతాడు. నాలుగు రోజులైన శవం లేవడానికి తనంతట తానేమీ చేయలేదు.

ఇంకొక వివరం ఉంది. ఆమె చదివిన ఆ కొత్త నిబంధన ప్రతిని సోన్యాకు ఇచ్చింది లిజవేతా, అంటే రస్కొల్నికొవ్ గొడ్డలితో చంపిన ఇద్దరిలో ఒకరు. అసలు అతను చంపాలనుకున్నది ఆమెను కాదు, వేళకాని వేళ ఇంటికి వచ్చినందుకు చచ్చిపోయిన అమాయకురాలు ఆమె. నవల ముగిసేటప్పటికి అదే పుస్తకం జైల్లో అతని తలగడ కింద ఉంటుంది. అతను దాన్ని ఇంకా తెరవలేదు. టాల్‌స్టాయ్ బాధితురాలికి మాటనిచ్చాడు, దోస్తొయెవ్‌స్కీ మాట్లాడలేని బాధితురాలి పుస్తకాన్ని హంతకుడి తల కింద ఉంచాడు.

మన కాలపు జనాదరణ కథల్లో విమోచనకు మహా సులువైన దారి ఒకటి తయారైంది: చెడ్డవాడు చివరి ఘట్టంలో ఎవరినో కాపాడుతూ చచ్చిపోతాడు, అందరూ కంటతడి పెట్టి అతన్ని క్షమించేస్తారు. చావు అన్ని ఖాతాలనూ మూసేస్తుంది కాబట్టి ఆ తర్వాత అతను ఎవరి ముఖం చూడాల్సిన పని లేదు. సువార్తల్లో పేతురు, యూదాల కథల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ దారి ఎంత లోతులేనిదో అర్థమవుతుంది. యేసును డబ్బుకు పట్టించిన శిష్యుడు యూదా పశ్చాత్తాపపడ్డాడనే మత్తయి చెబుతాడు. ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు, వెళ్లి ఉరిపోసుకున్నాడు. ఇంకో శిష్యుడు పేతురు యేసును ఎరగనని మూడుసార్లు బొంకి, వెళ్లి ఏడ్చాడు, కానీ బతికాడు. యోహాను సువార్త చివరి అధ్యాయంలో నిప్పుల పక్కన యేసు అతన్ని మూడుసార్లు, నీవు నన్ను ప్రేమించుచున్నావా అని అడుగుతాడు. మూడోసారి పేతురు నొచ్చుకుంటాడు. జవాబుకు ప్రతిఫలంగా దొరికింది విశ్రాంతి కాదు, గొర్రెలను మేపు అన్న పని. బతికి ఉండి, తాను ఎవరిని కాదన్నాడో వారి ఎదుట కూర్చోవడం చావుకంటే కష్టం.

గ్రేహమ్ గ్రీన్ 1940లో రాసిన 'ది పవర్ అండ్ ది గ్లోరీ'లో ముఖ్యపాత్ర చివరికి చనిపోయినా నేను దాన్ని ఈ సులువైన దారిలో కలపను. మెక్సికోలో మతగురువుల్ని వేటాడుతున్న 1930ల నాటి రోజుల్లో, తాగుడుకు అలవాటుపడి, ఒక కూతురికి తండ్రి కూడా అయిన పాదిరి సరిహద్దు దాటి సురక్షితంగా బయటపడతాడు. చావుబతుకుల్లో ఉన్న నేరస్థుడికి పాపసంకీర్తనం చేయించాలన్న పిలుపు వస్తే, పిలిచినవాడు తనను పట్టిస్తాడని తెలిసే వెనక్కి వెళ్తాడు. ఆ ఒప్పుకోలు కూడా జరగదు. తన కూతురిమీద ఉన్న ప్రేమవల్ల ఆమె పుట్టుకకు కారణమైన పాపానికి పూర్తిగా పశ్చాత్తాపపడలేకపోతాడు. దేవుని దగ్గరికి వట్టి చేతులతో వెళ్తున్నానన్న నిరాశతోనే తుపాకుల ఎదుటికి నడుస్తాడు. అతని చావు ఏ అప్పునూ తీర్చినట్టు గ్రీన్ చూపించడు. తాను ఓడిపోయాననే అతను నమ్ముతాడు, గెలిచాడో లేదో పాఠకుడు తేల్చుకోవాలి.

దక్షిణాఫ్రికాలో జాతివివక్షను అధికారిక విధానం చేసిన పార్టీ గద్దెనెక్కిన 1948లోనే అలన్ పేటన్ నవల 'క్రై, ది బిలవ్డ్ కంట్రీ' వచ్చింది. జొహానెస్‌బర్గ్‌లో తప్పిపోయిన కొడుకును వెతుక్కుంటూ వెళ్లిన కుమాలో అనే నల్లజాతి పాదిరికి, అతను ఒక తెల్లజాతీయుణ్ని కాల్చి చంపాడని తెలుస్తుంది. ఆ కొడుకు పేరు అబ్సలోం. పేరు వినగానే, తనమీద తిరగబడి చచ్చిపోయిన కొడుకు కోసం "నా కుమారుడా అబ్షాలోమా" అని ఏడ్చిన దావీదు గుర్తొస్తాడు, కథ ఎక్కడికి పోతుందో తెలిసిపోతుంది. పేటన్ ఉరిశిక్షను తప్పించడు. కానీ చనిపోయినవాడి తండ్రి జార్విస్, ఎవరూ అడగకుండానే, కుమాలో ఊరి పిల్లలకు పాలు పంపుతాడు, ఆనకట్ట కట్టే ఏర్పాటు చేస్తాడు. తప్పిపోయిన కొడుకును వెతకడానికి వెళ్లిన తండ్రికి కనికరం ఇంకో తండ్రి చేతులమీదుగా దొరకడం, అదీ నష్టపోయిన తండ్రి చేతులమీదుగా దొరకడం, ఈ నవలను నేను మనసుకు దగ్గరగా పెట్టుకోవడానికి కారణం.

మరి క్షమించేవారే లేనిచోట? ఆల్బేర్ కామూ 1956లో రాసిన చిన్న నవలకు 'పతనం' అనే పేరు పెట్టాడు. పారిస్ వంతెనమీద రాత్రివేళ ఒక స్త్రీ నదిలో పడిన చప్పుడు విని కూడా వెనక్కి తిరగని న్యాయవాది క్లమాన్స్, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక మద్యశాలలో కూర్చుని అపరిచితులకు తన పాపం చెప్పుకుంటాడు. వినేవాడి చేత కూడా నేరం ఒప్పించి, వాడికి తీర్పు చెప్పడమే ఆ ఒప్పుకోలు ఉద్దేశం. చివర్లో, ఆమెను కాపాడే అవకాశం మళ్లీ రాదని, ఎప్పటికీ ఆలస్యమేనని, అది తన అదృష్టమని అంటాడు. నాతాను లేని దావీదు అతను. తనకు తానే నాతాను వేషం వేసుకుని ఎదుటివాడివైపు వేలు చూపిస్తాడు.

ఇయన్ మెకూవన్ 2001 నాటి 'అటోన్‌మెంట్' ఈ ప్రశ్నను ఇంకా ముందుకు తీసుకెళ్తుంది. పదమూడేళ్ల వయసులో బ్రయనీ చెప్పిన అబద్ధం వల్ల నిరపరాధి రాబీ జైలుకు వెళ్తాడు, అతనూ ఆమె అక్క సెసిలియా విడిపోతారు. తర్వాతి భాగంలో ఆ ఇద్దరూ కలిసి ఉన్నట్టు, బ్రయనీ వెళ్లి తప్పు దిద్దుకుంటానని మాటిచ్చినట్టు చదువుతాం. చివర్లో వృద్ధురాలైన బ్రయనీ, అదంతా తన కల్పన అని, ఇద్దరూ 1940లోనే చనిపోయారని చెబుతుంది. కథలో అన్నీ నిర్ణయించే నవలారచయితకు తానే దేవుడు కాబట్టి, తనను క్షమించగల పైవారెవరూ లేరని ఆమె వాదన. ఈ వాదన చాలామందిని మెప్పించింది గాని నాకు అసంపూర్ణంగా తోస్తుంది. బ్రయనీకి అడ్డుపడింది దేవుడు లేకపోవడం కంటే ముందు, ఊరియా లేకపోవడం. రాబీ, సెసిలియా బతికి ఉంటే ఆమె వెళ్లి తలుపు తట్టగలిగేది, మాస్లొవాలా వారు ఆమెను కసురుకోగలిగేవారు, జార్విస్‌లా ఏదైనా పంపగలిగేవారు. బ్రయనీకి లోలోపల ఈ సంగతి తెలుసనడానికి సాక్ష్యం నవలలోనే ఉంది. తాను రాసిన కల్పనలో ఆ ప్రేమికులిద్దరికీ కలిసి బతికే సంతోషాన్ని ఇచ్చింది గాని, వారి చేత తనను క్షమింపజేసుకునేంత స్వార్థానికి మాత్రం పోలేదని ఆమె చెబుతుంది. పుటలమీద ఏదైనా చేయగల స్థానంలో ఉండి కూడా ఆ ఒక్క మాటను ఆమె చచ్చిపోయినవారి నోట పెట్టలేదు.